పెద్దలు రాజీకి పిలిస్తే వెళ్లాలా? భర్త కొడుతున్నప్పుడు సంఘం ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ అక్కను బావ ఆరేళ్లుగా కొడుతున్నాడు. పోయిన నెల గొంతు కూడా పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే సంఘం (చర్చి), పైగా ఆయన సంఘం కమిటీ మెంబరు. పాస్టర్ గారు "లోబడి ఉండమ్మా, ప్రార్థన చెయ్యి, కోర్టుకెక్కితే సాక్ష్యం పోతుంది" (అంటే విశ్వాసులుగా మంచి పేరు పోతుంది) అన్నారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ పత్రం రాయిస్తామంటున్నారు. వెళ్లాలా వద్దా, వెళ్లకపోతే సంఘం ఏం చేయగలదు, వెలి వేస్తుందా, అసలు సంఘం చేయాల్సిందేమిటి?

వెళ్లొద్దు. కొట్టినవాణ్ణి, దెబ్బలు తిన్నామెను ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించే ఏ మీటింగుకూ మీ అక్కను పంపకండి, పిలిచింది ఎంత మంచి పాస్టరైనా సరే. సంఘానికి పోలీసు కేసు ఆపే అధికారం లేదు, పెళ్లి రద్దు చేసే అధికారమూ లేదు. దాని చేతిలో ఉన్నవి వేరే. వాటిని ఎలా వాడించుకోవాలో కింద రాస్తాను.

ముందు గొంతు సంగతి. పెద్దల లెక్కలో అది "చెయ్యి చేసుకోవడం"లో ఒక రకం. గృహహింస బాధితులతో పనిచేసేవాళ్ల లెక్కలో అది పూర్తిగా వేరే మెట్టు. ఒకసారి గొంతు నులిమిన భర్త చేతిలో ఆ స్త్రీ ప్రాణానికి ఉండే ముప్పు మామూలు దెబ్బలప్పటి కంటే చాలా ఎక్కువ. బయట మచ్చ లేకపోవచ్చు. అందుకని అడిగి తెలుసుకోవాలి: గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పి ఉందా, కళ్లలో ఎర్ర చుక్కలు కనిపించాయా, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తు లేకుండా పోయిందా, తెలియకుండా మూత్రం పోయిందా. లోపలి వాపు గంటల తర్వాత, ఒక్కోసారి ఒకట్రెండు రోజులకు ముదురుతుంది. రోజులు గడిచినా సరే, ఒకసారి డాక్టరుకు చూపించండి. మళ్లీ జరిగితే మాత్రం ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రి. "ఎలా తగిలింది" అని అడిగితే "జారిపడ్డాను" అనొద్దు. భర్త చేశాడని చెప్తేనే ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకు సంబంధించిన గాయాల) రిజిస్టరులో ఎక్కుతుంది, గాయాల సర్టిఫికెట్ వస్తుంది. కమిలిన దెబ్బ మొదటి రోజు కంటే రెండో, మూడో రోజు ముదురు రంగుకు తిరుగుతుంది. ఫొటో రెండుసార్లు తీయండి, ఒకటి మొహం కనిపించేలా, ఒకటి పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గర్నుంచి.

ఇక ఆ మీటింగు. ఎక్కడైనా దాదాపు ఒకేలా జరుగుతుంది. చర్చి వెనక గదిలో ఆరుగురు మగవాళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు. బావ కమిటీ మెంబరు కాబట్టి తెలియకుండానే పెద్దల వైపు కూర్చుంటాడు. "చెప్పమ్మా" అంటారు. ఇంటికెళ్లాక ఈ మాటలకు లెక్క కట్టాల్సింది తనే అని ఆమెకు తెలుసు, కాబట్టి సగమే చెప్తుంది. ఆయన ఏడుస్తాడు, మోకాళ్ల మీద పడతాడు. ఏడ్చినవాడి మీద అందరికీ జాలి. "నువ్వూ కాస్త నోరు తగ్గించుకోవాలమ్మా" అని ఓ పెద్దాయన. కాగితం మీద ఇద్దరూ సంతకం, ప్రార్థన, టీ. తర్వాత ఇద్దరూ ఒకే బండి మీద ఇంటికి వెళ్తారు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో ఆ ఆరుగురిలో ఎవరూ చూడరు.

ఆ కాగితం విలువెంత? "గతం మరచి, ఇకపై పోలీసులకు గానీ కోర్టుకు గానీ వెళ్లను" అని రాయించినా, అది చట్టం ఇచ్చిన హక్కును తీసేయలేదు. కానీ నష్టం లేదనుకోకండి. రేపు కోర్టులో ఆయన లాయరు అదే కాగితం తీసి "తప్పు ఇద్దరిదీ అని ఆమే ఒప్పుకుంది" అంటాడు. పైగా అందులో "ఇకపై కొట్టను" అన్న వాక్యాన్ని ఆయన మీరితే శిక్ష లేదు. మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తేడా అంతా అక్కడుంది. మీ అక్క ఇప్పటికే ఏదైనా కాగితం మీద సంతకం పెట్టి ఉంటే దాని ఫొటో సంపాదించండి. ఖాళీ కాగితం మీద పెట్టి ఉంటే ఆ సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పండి.

వాక్యం విషయం దాటేయకూడదు. మీ అక్కను ఆ ఇంట్లో ఆపుతున్నది బావ భయం ఒక్కటే కాదు, దేవునికి అవిధేయురాలినవుతానన్న భయం కూడా. బయటి కౌన్సెలర్లు చాలామంది దీన్ని పట్టించుకోరు, అందుకే ఆమె రెండోసారి వాళ్ల దగ్గరికి వెళ్లదు. "లోబడియుండుడి" అన్నది ఎఫెసీ 5:22. దానికి ముందు వచనం అందర్నీ ఒకరికొకరు లోబడమంటుంది, 25 నుంచి 29 దాకా భర్తకు చెప్పినవి, భార్యకు చెప్పినదానికంటే ఎక్కువ. భార్యల్ని లోబడమనే 1 పేతురు 3ను చదివేవాళ్లు ఆరో వచనం దగ్గర ఆగిపోతారు. ఏడో వచనంలో, భార్యను సన్మానించనివాడి ప్రార్థనలకే అడ్డు వస్తుందని ఉంది. మలాకీ 2:16ను "దేవునికి విడాకులు అసహ్యం" అని సగం చదువుతారు. మన తెలుగు బైబిల్లో అదే వచనం రెండో సగంలో బలాత్కారం కూడా అసహ్యమనే ఉంది. సంఘ నాయకుడి అర్హతలు చెప్పిన 1 తిమోతి 3:3లో అతను "కొట్టువాడు" కాకూడదని సూటిగా ఉంది. మీ బావ కమిటీలో కూర్చోవడానికి అర్హుడా అన్న ప్రశ్నకు వేరే చర్చ అక్కర్లేదు.

మీ పాస్టర్ గారన్న "కోర్టుకెక్కకూడదు" వెనక ఉన్నది 1 కొరింథీ 6. అది విశ్వాసుల మధ్య వ్యాజ్యాల గురించి, ఒకరి సొత్తు ఒకరు అపహరించడం గురించి. ఇంట్లో దెబ్బలు తింటున్నామె రక్షణ అడగడం గురించి కాదు. ఆ మాట రాసిన పౌలే, కొరడాలతో కొట్టడానికి వారులతో కట్టినప్పుడు, అపొస్తలుల కార్యములు 22:25లో, "రోమా పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టొచ్చా" అని శతాధిపతిని అడిగి దెబ్బలు తప్పించుకున్నాడు. తర్వాత కైసరు దగ్గరికి అప్పీలు కూడా చేసుకున్నాడు. మత్తయి 18 తెచ్చి "ముందు ఒంటరిగా ఆయనతో మాట్లాడావా" అంటారు. గొంతు పట్టుకున్నవాడితో ఒంటరిగా మాట్లాడమనడం సలహా కాదు.

పాస్టర్ గారికి తప్పక చెప్పాల్సిన మాట: రక్షణ ఉత్తర్వు విడాకులు కాదు. చాలామంది పాస్టర్లు "కేసు" అనగానే విడాకులే అనుకుని అడ్డుపడతారు. గృహహింస చట్టం (2005) కింద వచ్చే ఏ ఉత్తర్వూ పెళ్లిని రద్దు చేయదు. కొట్టొద్దు, దగ్గరికి రావొద్దు, ఇంట్లోంచి గెంటొద్దు, ఖర్చులకివ్వు, ఆమె బంగారం తిరిగివ్వు: ఇలాంటివే. విడాకులకు ససేమిరా అనే సంఘం కూడా వేరుగా ఉండడాన్ని 1 కొరింథీ 7:11 ప్రకారం ఒప్పుకోవచ్చు.

"క్రైస్తవ స్త్రీకి విడాకులే లేవు" అనే పెద్దవాళ్లది పూర్తిగా అబద్ధం కాదు, పాత సమాచారం. 1869 నాటి విడాకుల చట్టంలో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్యకు మాత్రం క్రూరత్వం ఒక్కటే చాలదు, దానికి తోడు వ్యభిచారమూ చూపించాలి. 2001 సవరణతో అది పోయింది. ఇప్పుడు సెక్షన్ 10 కింద క్రూరత్వం ఒక్కటే సరిపోతుంది. విడాకులు వద్దనుకుంటే సెక్షన్ 22 కింద పెళ్లి నిలిచే ఉండి వేరుగా ఉండే డిక్రీ అడగొచ్చు.

చేయాల్సిన పని వరుస ఇది. 181కి ఫోన్ చేస్తే జిల్లా సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, పిల్లలతో సహా (మగపిల్లలకు మాత్రం వయసు హద్దు ఉంది, ముందే అడగండి). దెబ్బలు పడుతున్న క్షణంలో అయితే 112. సఖిలోనైనా, జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి దగ్గరైనా గృహహింస నివేదిక (ఫారం 1) రాయించాలి. "చాలాసార్లు కొట్టాడు" అని రాయిస్తే బలం ఉండదు. మొదటిసారి, చివరిసారి, అన్నిటికంటే ఘోరమైనది, ఈ మూడూ తేదీతో, దేంతో కొట్టాడో, ఎవరు చూశారో రాయించండి. తేదీ గుర్తు లేకపోతే "క్రిస్మస్‌కు ముందు ఆదివారం" అన్నా చాలు. మేజిస్ట్రేటు కోర్టులో గృహహింస చట్టం సెక్షన్ 12 దరఖాస్తుతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపే ఇచ్చేది) అడగాలి. ఇది మర్చిపోతే వాయిదాల మీద వాయిదాలే. చట్టం 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించమంటుంది, వాస్తవంలో అలా తేలేవి తక్కువ. మీ అక్క ఇప్పుడు ఎక్కడ తలదాచుకుంటే ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు, అత్తగారి ఊరు వెళ్లక్కర్లేదు. ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100.

పోలీసు కేసు వేరే దారి: పాత 498ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. మూడేళ్ల వరకు శిక్ష. అయితే 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇందులో వెంటనే అరెస్టు చేయరు, మామూలుగా నోటీసే. ఎఫ్.ఐ.ఆర్. అయింది కదా అని ఆమెను అదే ఇంట్లో ఉంచడం పెద్ద పొరపాటు.

మన దగ్గర మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. పెళ్లి చర్చిలో అయి ఉంటుంది, కుల ధ్రువపత్రంలో మతం వేరే రాసి ఉంటుంది. కేసు వేస్తే పిల్లల సర్టిఫికెట్లు ఏమవుతాయో అని చాలామంది నోరు మూసుకుంటారు. గృహహింస చట్టం, భరణం (నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144), సెక్షన్ 85: ఈ మూడింటికీ మతంతో పని లేదు. మతం ప్రశ్న విడాకుల దగ్గరే వస్తుంది, అక్కడికి వెళ్లే ముందు లాయరుతో విప్పి మాట్లాడుకోండి. అలాగే పెళ్లి చేసిన పాస్టరుకు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకపోయినా కంగారు పడకండి. గృహహింస చట్టం పెళ్లి వంటి సహజీవనాన్ని కూడా ఒప్పుకుంటుంది. చర్చి రిజిస్టరు నకలు మాత్రం గొడవ ముదరకముందే తీసుకోండి. తర్వాత ఆ బీరువా తాళం దొరకదు.

ఇప్పుడు సంఘం చేయాల్సినది. నేను చూసినంతలో సంఘాల తప్పు దుర్మార్గం కంటే ఎక్కువగా తీర్పరి కుర్చీలో కూర్చోవాలన్న ఆత్రం. ఎవరిది తప్పో తేల్చడం వాళ్ల పని కాదు. వాళ్ల దగ్గర ఉన్నవి: ఒక సురక్షితమైన ఇల్లు, కొంత డబ్బు, సాక్షి సంతకం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం), పదవులు.

ఆమె వచ్చి చెప్పినప్పుడు పాస్టరమ్మ గానీ స్త్రీల సమాజంలో నోరు కట్టుకోగల ఒకామె గానీ పక్కనుండాలి. విన్నది విన్నట్టు, ఆమె మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాసి పాస్టరు సంతకం చేసి పెట్టుకోవాలి: "ఎడమ కన్ను కింద వాపు చూశాను" అన్నంత వరకే, అభిప్రాయాలు వద్దు. కోర్టులో ఈ ఒక్క కాగితం పది రాజీ పత్రాల కంటే పనికొస్తుంది. తర్వాత భర్తకు ఫోన్ చేయకూడదు. "ఆయన వైపు కూడా వినాలి కదా" అని అదే సాయంత్రం చేస్తారు. ఆమె చెప్పేసిందని ఆయనకు తెలిసేది అప్పుడే. ఆమె ఇల్లు వదిలే రోజు, ఆ తర్వాతి కొన్ని వారాలే అన్నిటికంటే ప్రమాదం.

ప్రార్థన విన్నపం కూడా పెట్టకూడదు. "పేరు చెప్పలేదు, ఒక సహోదరి కుటుంబం కోసం అన్నాను" అంటారు. అరవై కుటుంబాల సంఘంలో, వాట్సాప్ గ్రూపులో, ఆ సహోదరి ఎవరో తెలియనిదెవరికి?

డబ్బు: స్త్రీల సమాజం కానుకల్లోంచి పదిహేను, ఇరవై వేలు పక్కన పెడితే ఆటో, గది అడ్వాన్సు, నెల సరుకులు గడుస్తాయి. ఆమె చేతికి నగదుగానే ఇవ్వాలి, ఫోన్‌పే వద్దు. ఖాతాకు లింకైన నంబరు ఆయనదే అయి ఉండొచ్చు. ఆధార్, పాస్‌బుక్, పిల్లల జనన ధ్రువపత్రాలు, మందులు, ఒక జత బట్టలున్న సంచి ముందే బయట పెట్టాలి. పాస్టర్ ఇంట్లో కాదు, బావ అక్కడికి వస్తూ పోతూ ఉంటాడు.

భర్త విషయంలో: కమిటీ, పాటల బృందం, వాక్యం చెప్పడం, అన్నిటి నుంచీ పక్కకు. బల్లకు దూరం. ఇద్దరూ ఒకే ఆరాధనకు రాకుండా చూడాలి, మారాల్సింది ఆయన వేళ, ఆమెది కాదు. మామూలుగా తలకిందులు జరుగుతుంది. ఆమె సిగ్గుపడి మానేస్తుంది, దశమభాగం ఇచ్చేవాడు కాబట్టి ఆయన ముందు వరుసలోనే ఉంటాడు. మారుమనస్సు వచ్చిందంటే కన్నీళ్లు చూడొద్దు. కనీసం ఏడాది చూడండి: భరణం నెలనెలా పడుతోందా, ఉత్తర్వు ప్రకారం దూరంగా ఉన్నాడా, తను చేసింది "కానీ" అన్న మాట లేకుండా చెప్పగలుగుతున్నాడా, "క్షమించమని ఆమెకు చెప్పండి" అని పెద్దల్ని పంపడం మానేశాడా. తాగుడు మాన్పిస్తే అంతా సర్దుకుంటుందనేది సగం నిజమే. ఎంత తాగినా ఎస్సైని కొట్టడు, ఇంటికొచ్చి భార్యనే కొడతాడు. డీ-అడిక్షన్ కావాలి, అది రక్షణ ఉత్తర్వుకు బదులు కాదు.

"మా సంఘంలో ఇలాంటివి లేవు" అన్న పాస్టరుకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్క చెప్పండి: పెళ్లయిన స్త్రీలలో భర్త హింస అనుభవించినవారు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. సంఘం గోడలకు బయట మాత్రమే కొలిచిన లెక్క కాదది.

పాస్టరును నిలదీసే అధికారం ఉన్నవాళ్లు పైన ఉంటే వాళ్లను అడగండి. కతోలికులైతే, వారి చర్చి చట్టం 1153వ నిబంధనే, మనసుకో శరీరానికో తీవ్ర ప్రమాదం తెచ్చే జీవిత భాగస్వామిని వదిలి వేరుగా ఉండొచ్చంటుంది. ఆలస్యం ప్రమాదమైతే అనుమతి కోసం ఆగకుండానే. ఈ సంగతి గురువుకు గుర్తు చేస్తే చాలాసార్లు గొంతు మారుతుంది. కానీ చర్చి ట్రిబ్యునల్ ఇచ్చే వివాహ రద్దుకు సివిల్ చట్టంలో విలువ లేదని సుప్రీంకోర్టు 1996లోనూ, 2017లోనూ చెప్పింది. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలకు బిషప్ కార్యాలయం ఉంది, రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. స్వతంత్ర సంఘాలే కష్టం. పాస్టరు పైన ఎవరూ ఉండరు. అయినా చాలావరకు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయి ఉంటాయి, రిజిస్టరయిన సభ్యులకు రాయొచ్చు.

కొట్టేది పాస్టరే అయితే, లేదా సంఘంలో ఓ స్త్రీ మీద చెయ్యి వేసింది ఆయనే అయితే, అంతర్గత విచారణతో మొదలుపెట్టొద్దు, అది సాక్షుల్ని భయపెట్టే సమయం ఇస్తుంది. నేరుగా పోలీసు. బాధితురాలు 18 ఏళ్ల లోపు అయితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివారూ చెప్పి తీరాలి, పాస్టరైనా సరే. చెప్పకపోవడమే నేరం. పాస్టరు భార్యకు ఇల్లు సంఘానిది కావడం అదనపు చిక్కు. ఆమె దరఖాస్తులో గృహహింస చట్టం సెక్షన్ 19 కింద వేరే ఇల్లు గానీ అద్దె గానీ ఇప్పించమని అడగాలి.

వెలి వేస్తారేమో అన్నారు. సభ్యత్వం తీసేస్తామని బెదిరించడం జరుగుతుంది. రక్షణ అడిగినందుకు తీసేస్తున్నామని రాతపూర్వకంగా ఇవ్వమనండి. నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద సంతకం పెట్టరు.

శనివారం పాస్టర్ గారికి ఇంతే పంపండి: "అయ్యగారూ, అక్క ఆదివారం మీటింగుకు రాదు. బావతో కలిపి కూర్చోబెట్టే ఏ మాటలకూ ఇకముందు రాదు. తను ఎక్కడుందో దయచేసి అడగొద్దు, ఎవరైనా అడిగితే తెలియదనండి. తను మీకు చెప్పినవి, మీరు కళ్లతో చూసినవి ఒక కాగితం మీద తేదీతో రాసి ఇవ్వగలరా?" వాదన పెట్టుకోవద్దు, వచనాలు రాయొద్దు. ఈ మెసేజ్ మీ అక్కా పిల్లలూ సంచితో సహా ఆ ఇంట్లోంచి బయటపడి, తలుపు వేసుకునే చోట చేరాకే పంపాలి, అంతకు అరగంట ముందు కూడా కాదు.